లాయరు గారికి ఫీజు ఇద్దాం, వాటా ఇవ్వొద్దు



ఇంటర్ అయిపోయిన తమ్ముళ్లు ఈ మధ్య లా చదవడం గురించి అడుగుతున్నారు. దానికి వచ్చే సమాధానాల్లో ఒక మాట మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. "మొదట్లో ఏమీ రాదు తమ్ముడూ, కానీ యాక్సిడెంట్ కేసులు పడితే పర్సంటేజీ మీద బతికేయొచ్చు" అని. చెప్పినవాళ్లు మంచి మనసుతోనే చెప్పారు. అయినా ఆ పర్సంటేజీ దగ్గరే మాకు అభ్యంతరం ఉంది. ఎందుకో వివరంగా రాస్తున్నాం. పోస్టు పొడుగైంది, ఓపికగా చదవండి.

మేము ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన వైపు ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్నవాళ్లం. యానాది ఇళ్ల వాళ్లం ఉన్నాం, ఎరుకల ఇళ్ల వాళ్లం ఉన్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కోనసీమ అంటే కొబ్బరి చెట్లు, కాలవలు, పడవలు అని బయటివాళ్లు ఫోటోలు తీసుకుంటారు. మనవాళ్లకి మాత్రం కోనసీమ అంటే రొయ్యల చెరువు కాపలా, మేత చల్లడం, రాత్రిపూట ఏరియేటర్లు చూసుకోవడం, పట్టుబడి రోజు నీళ్లలో దిగడం, పీతలు పట్టడం, ఇటుక బట్టీ. ఏజెన్సీలో ఉన్న మన అన్నదమ్ములకి కనీసం ఐటీడీఏ అని ఒక ఆఫీసు ఉంది. ఇక్కడ మనం పది ఇళ్లు ఒక చోట, ఐదిళ్లు ఇంకో చోట. ఏదైనా జరిగితే ఎవరి దగ్గరికి పోవాలో తెలియదు.

జరిగేది ఏంటంటే, తడి గట్టు మీద కరెంటు వైరు. మోటారు దగ్గర షాక్ కొట్టి మనిషి పోతాడు. పోలీసు కాగితం అవకముందే పెద్దమనుషులు కూర్చుంటారు. "పోయినోడు ఎలాగూ రాడు, పిల్లల్ని చూసుకో అమ్మా, బాబు గారు ఏదో సాయం చేస్తారు" అని ఒక మొత్తం చెప్తారు. స్టాంపు కాగితం మీద వేలిముద్ర పడుతుంది. ఇది మొదటి దారి. రెండో దారి ఆసుపత్రి దగ్గర మొదలవుతుంది. శవ పంచనామా జరుగుతుండగానే ఒకాయన వచ్చి, "మా ప్లీడరు గారున్నారు, మీరు రూపాయి పెట్టక్కర్లేదు, వచ్చినదాంట్లో మూడో వంతు ఇస్తే చాలు" అంటాడు. వకాలత్ మీద, దాంతోపాటు నాలుగు ఖాళీ కాగితాల మీద, బ్యాంకు చెక్కు మీద కూడా సంతకాలు తీసుకుంటారు. మాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో డబ్బు పడిన రోజే పాస్‌బుక్కు ఆ బ్రోకరు చేతిలో ఉంది. ఆ అక్కకి ఎంత మంజూరైందో తెలిసింది చాలా నెలల తర్వాత.

ఆ ఇంటి పేరు, ఆ ప్లీడరు పేరు ఇక్కడ రాయం. అదొక్క ఇంటి సంగతి కాదు కాబట్టి. మీ ఊళ్లో కూడా ఇలాంటిది మీరు చూసే ఉంటారు.

ముందు చట్టం ఏం ఇస్తుందో లెక్క చూద్దాం. పనిలో ప్రమాదం జరిగితే యజమాని పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. వర్క్‌మెన్ కాంపెన్సేషన్ అని పెద్దవాళ్లు అంటారు, తర్వాత ఉద్యోగుల పరిహార చట్టం అని పేరు మార్చారు. 2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక దీన్ని సామాజిక భద్రత కోడ్‌లో కలిపారు. పేరు మారినా మూల సూత్రం అదే. మనిషి చనిపోతే నెల జీతంలో సగం తీసుకుని, వయసుని బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో హెచ్చవేస్తారు. పాత చట్టం కింద 2020 జనవరి నుంచి లెక్కలోకి తీసుకునే జీతం గరిష్ఠంగా నెలకు 15,000. వయసు 35 అయితే ఆ అంకె 197.06. నెలకి 12,000 వచ్చే 35 ఏళ్ల మనిషి చెరువు దగ్గర చనిపోయాడనుకోండి. 6,000 ఇంటూ 197.06, అంటే 11,82,360 రూపాయలు. పెద్దమనుషులు చెప్పే మొత్తాన్ని దీని పక్కన పెట్టి చూడండి. మూడో వంతు వాటా అంటే 3,94,120 రూపాయలు. ఆ డబ్బు ప్లీడరు గారి కష్టానికి ఎక్కువా తక్కువా అన్నది తర్వాత మాట్లాడదాం. అది మొగుడు పోయిన మనిషి పిల్లల చదువుకి రావాల్సిన డబ్బు అన్నది మాత్రం ముందు గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో మూడు సంగతులు. ఒకటి, చావు కేసుల్లో పరిహారం అధికారి దగ్గర జమ చేయాలి గానీ యజమాని నేరుగా ఇంటివాళ్ల చేతిలో పెట్టి చేతులు దులుపుకుంటే అది పరిహారం కింద చెల్లదు. రెండు, "ఇక మాకు ఏ హక్కూ లేదు" అని కార్మికుడి చేత రాయించుకున్న ఒప్పందాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదు. కాబట్టి స్టాంపు కాగితం మీద వేలిముద్ర పడిందని భయపడి ఆగిపోవద్దు. మూడు, క్లెయిమ్ రెండేళ్లలోపు వేయాలి. ఏడుస్తూ కూర్చుంటే ఆ రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి. ప్రమాదం జరిగిన నెలలోపు డబ్బు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే సగం దాకా పెనాల్టీ వేసే అధికారం కూడా పాత చట్టంలోనే ఉంది.

ఇప్పుడు వాటా సంగతి. మన దేశంలో లాయర్లకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పెట్టిన ప్రవర్తనా నియమాలు ఉన్నాయి. అందులో 20వ నియమం సూటిగా చెప్తుంది: గెలుపోటముల మీద ఆధారపడే ఫీజు మాట్లాడుకోకూడదు, కేసులో వచ్చిన దాంట్లో వాటా తీసుకోవడానికి ఒప్పుకోకూడదు. మనం "అందరూ చేస్తారు కదా" అనుకునే పని అసలు చేయకూడని పని అన్నమాట.

ఇది పుస్తకంలో పడి ఉన్న నియమం మాత్రమే కాదు. 2017 డిసెంబరు 5న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మన తెలుగు నేల మీద నుంచి వెళ్లిందే. తెలంగాణలో ఒకామె భర్త 1998లో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. పరిహారం కేసు నడిచింది. లాయరు ఫీజు కింద ఆమె అప్పటికే డబ్బు ఇచ్చారు. అది చాలదని వచ్చిన మొత్తంలో శాతం లెక్క కట్టి ఇంకా చెక్కు తీసుకున్నారు. ఆమె ఖాతాలో డబ్బు లేదు, చెక్కు బౌన్సయింది. ఆ లాయరే తన సొంత క్లయింటు మీద చెక్ బౌన్స్ క్రిమినల్ కేసు పెట్టారు. ఆలోచించండి, భర్త పోయి పరిహారం కోసం కోర్టుకెళ్లిన మనిషి చివరికి ముద్దాయి అయింది. హైకోర్టులో ఆమెకి ఊరట దొరకలేదు. సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. కేసు ఫలితంలో శాతం చొప్పున ఫీజు అడగడం చట్టవిరుద్ధం, అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని చెప్పింది.

మన ఇళ్లల్లో సంతకాలు పెట్టి ఉంచిన చెక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో ఈ తీర్పు చదివాక అయినా వెతుక్కోవాలి.

దీనికి ఎదురు వాదన ఉంది. మేమే హాస్టల్లో రాత్రి పన్నెండు దాకా దీని మీద కొట్టుకున్నాం. లాసెట్‌కి చదువుతున్న మా రూమ్మేటు అడిగాడు, "చేతిలో రూపాయి లేనోడి కేసు ఎవడు తీసుకుంటాడ్రా? వాటా లేకపోతే ఆ మిగతా భాగం కూడా రాదు కదా. అమెరికాలో ఉద్యోగుల కేసులు ఎక్కువగా వాటా మీదే నడుస్తాయంట" అని. వాడు చెప్పింది నిజమే. అక్కడ అది చట్టబద్ధం. కానీ అక్కడ ఇంకోటి కూడా ఉంది. వివక్ష కేసుల్లో, జీతం ఎగ్గొట్టిన కేసుల్లో ఉద్యోగి గెలిస్తే అతని లాయరు ఫీజు యజమాని చేత కట్టించే చట్టాలు ఉన్నాయి. అంటే తప్పు చేసినవాడే ఎదుటివాడి లాయరు ఖర్చు మోస్తాడు. మన దగ్గర అరువు తెచ్చుకోవాల్సింది ఏదైనా ఉంటే అదీ. పరిహారం కేసుల్లో ఖర్చులు ఎవరు కట్టాలో నిర్ణయించే అధికారం మన చట్టంలోనూ అధికారికి ఉంది. ఆ ఖర్చులు యజమాని చేత ఇప్పించమని గట్టిగా అడిగే లాయరు కావాలి మనకి. విధవరాలి సొమ్ములోంచి తీసుకోవడం అందరికీ తేలిక కాబట్టి ఎవరూ అడగట్లేదు.

వాటా వల్ల ఇంకో చిక్కు ఉంది. వాటా ఉన్న లాయరు కేసులో సలహాదారుగా ఉండడు, భాగస్తుడు అవుతాడు. పదకొండు లక్షలు రావాల్సిన కేసుని మూడేళ్లు లాగితే ఆయనకి నాలుగు లక్షలు. మూడు నెలల్లో ఆరు లక్షలకి రాజీ చేస్తే రెండు లక్షలు. ఆయన చేతిలో ఇలాంటి కేసులు ఇరవై ఉంటే ఏది ఎంచుకుంటాడు? రాజీ మంచిదా కాదా అని మనం అడగాల్సింది ఆయన్నే. ఆ సలహా మన కోసం చెప్తున్నాడా, తన వాటా కోసం చెప్తున్నాడా అని ఎలా తెలుస్తుంది? ఫీజు మాట్లాడుకుని, రసీదు తీసుకుని, విడతలవారీగా ఇచ్చుకుంటే ఈ అనుమానానికి చోటు ఉండదు. ఆయన కష్టానికి ఆయన కూలి, మన నష్టానికి మన పరిహారం.

మరి చేతిలో ఏమీ లేనివాళ్ల సంగతి? న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987లో వచ్చింది. దాని 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకి, ఎస్సీలకి, ఆడవాళ్లకి, పిల్లలకి, కార్మికులకి ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. మనకి ఆదాయ పరిమితి లేదు. ఎస్టీ అయితే చాలు. మన దగ్గర అయితే అమలాపురం కోర్టుల దగ్గర అడగాలి, లేదంటే 15100కి ఫోన్ చేయాలి. అలా ఇచ్చిన ప్యానెల్ లాయరు మన దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. "ఫ్రీ లాయరు పట్టించుకోడు, వాయిదాకి రాడు" అని మీరంటారు. కొన్ని చోట్ల అలాగే జరుగుతోంది, కాదనం. అలాంటప్పుడు వేరే లాయర్ని ఇవ్వమని అదే సంస్థకి రాతపూర్వకంగా అడగొచ్చు. అడిగేవాళ్లు లేకపోతే ఏ ఫ్రీ సేవా బాగుపడదు. రేషన్ బియ్యం తూకం తగ్గితే మనం గొడవ పెట్టుకుంటాం కదా, ఇదీ అంతే.

లాయరు మనకి చెయ్యాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. చిన్న ఊళ్లల్లో లాయర్లు కొద్దిమందే. చెరువు లీజు కాగితాలు రాసిన ఆయన దగ్గరికే ఆ చెరువు మీద చనిపోయినవాడి భార్యా వెళ్తుంది. ఒక పక్షానికి ఆ వ్యవహారంలో సలహా ఇచ్చినవాళ్లు ఎదుటి పక్షం తరఫున నిలబడకూడదని నియమాల్లో ఉంది. కాబట్టి మొదటి రోజే "అయ్యా, ఆ చెరువు వాళ్ల పనులు మీరు చూస్తారా?" అని అడగండి. అడగడం అవమానించడం కాదు, నిజాయితీ ఉన్న లాయరు దానికి కోపం తెచ్చుకోరు. మనం చెప్పిన మాటలు ఆయన బయట పెట్టకూడదు. ఫీజు బాకీ ఉందని మన కాగితాలు పట్టుకుని కూర్చోకూడదు, 2000 సంవత్సరంలోనే సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. ఫైలు మనది. బ్రోకర్లని పెట్టి కేసులు పట్టుకురావడమూ తప్పే.

తప్పు జరిగితే ఎక్కడ చెప్పుకోవాలి? వినియోగదారుల ఫోరంకి వెళ్లడం కుదరదు. లాయర్ల సేవలు ఆ చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయాలి. అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద క్రమశిక్షణ కమిటీ విచారిస్తుంది. అక్కడ కూర్చునేదీ లాయర్లే కదా అంటారు. నిజమే. అందుకే ఫిర్యాదు నోటిమాటగా కాకుండా, ఇచ్చిన డబ్బుకి లెక్క, చెక్కు నంబర్లు, మెసేజ్‌లు అన్నీ పెట్టి పంపాలి.

ఇక లా చదవాలనుకునే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. తప్పకుండా చదవండి. మనవాళ్లు ఆ నల్లకోటు వేసుకోవాల్సిన అవసరం ఎంత ఉందో జీవో నెంబర్ 3 కేసు చెప్తుంది. ఏజెన్సీ స్కూళ్లల్లో టీచర్ పోస్టులు అన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరి 10న వచ్చిన ఆ జీవోని 2020 ఏప్రిల్ 22న ఐదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని కదపలేదు గానీ ముందు ముందు వచ్చేవాళ్లకి ఆ దారి మూసుకుపోయింది. ఇరవై ఏళ్లు నడిచిన ఆ వ్యాజ్యం మన ఉద్యోగాల గురించే. దాన్ని మనం చాలామందిమి తీర్పు వచ్చాక టీవీలో చూసి తెలుసుకున్నాం.

డబ్బు భయం కొంత తగ్గింది కూడా. లాయరుగా పేరు నమోదు చేయించుకోవడానికి రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వేలకి వేలు వసూలు చేసేవి. 2024 జులై 30న సుప్రీంకోర్టు అది చెల్లదంది. చట్టంలో ఉన్నది జనరల్ వాళ్లకి 750, ఎస్సీ ఎస్టీలకి 125 రూపాయలు. అంతకుమించి నమోదు ఫీజు తీసుకోకూడదు. నూట పాతిక రూపాయలు, మన నాన్నల అర రోజు కూలి కూడా కాదు.

చదివాక ఎలా ఉండాలో చూడటానికి దూరం పోనక్కర్లేదు. బొజ్జా తారకం గారు మా పక్క మండలం కాట్రేనికోనలోని కందికుప్పలో పుట్టారు. 1939లో పుట్టి 2016లో పోయారు. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్నారు. 1985 జులై 17న కారంచేడులో దళితుల్ని చంపినప్పుడు ఆ పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షాన నిలబడ్డారు. ప్రభుత్వ ప్లీడరు అంటే నెలనెలా వచ్చే డబ్బు, గౌరవం, పరిచయాలు. ఎవరి పక్షాన నిలబడాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆయన అవన్నీ వదిలేశారు. పోలీసులు అరెస్టు చేస్తే ఏం చేయాలో మామూలు జనానికి అర్థమయ్యేలా పుస్తకం కూడా రాశారు. అందరం అంత వదులుకోలేకపోవచ్చు. వాటా మాత్రం వదులుకోవచ్చు.

"మనోడే కదా, బయటోడు తినేబదులు మనోడు తింటే తప్పేంటి" అనే మాట కూడా వినబడుతుంది. మాకు అన్నిటికంటే భయం వేసేది ఈ మాటే. బయటి లాయరు వాటా అడిగితే మన అక్క కనీసం ఒకసారి ఆలోచిస్తుంది. మన కులపోడు, మన హాస్టల్లో చదివినోడు, "అక్కా సంతకం పెట్టు" అంటే ఏం అడగకుండా పెట్టేస్తుంది. అంత నమ్మకం ఇంకెవరికీ దొరకదు. అందుకే మనోడికి నియమం ఇంకా గట్టిగా ఉండాలి. మనోడు ఆకలితో ఉండాలని మేము అనట్లేదు. ఫీజు తీసుకోవాలి, మంచి ఫీజు తీసుకోవాలి, కాగితం మీద రాసి తీసుకోవాలి, రసీదు ఇవ్వాలి. జూనియర్‌గా ఉన్న రెండు మూడేళ్లు గడవటానికి ఉద్యోగాల్లో ఉన్న మన అన్నలు, అక్కలు చందాలేసి స్టైఫండ్ ఇవ్వొచ్చు. పండక్కి ఫ్లెక్సీలకి వేసే చందాల్లో కొంత ఇటు మళ్లిస్తే చాలు.

చివరిగా, మా హాస్టల్ వాళ్లం అనుకున్నవి రాస్తున్నాం. మీ మండలాల్లో కూడా చేయండి.

పనిలో ప్రమాదం జరిగిందని తెలిస్తే మొదటి మూడు రోజుల్లో ఇద్దరం ఆ ఇంటికి వెళ్తాం. ఎఫ్ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు, ఆధార్, కుల ధ్రువపత్రం, జీతం ఇచ్చినట్టు ఉన్న ఫోన్‌పే మెసేజ్‌లు, మేస్త్రీ ఫోన్ నంబరు ఒక కవర్లో పెట్టిస్తాం. జీతానికి రుజువు లేకే మనవాళ్ల పరిహారం తగ్గుతోంది, కాబట్టి ఇప్పట్నుంచే మన నాన్నల ఫోన్లల్లో కూలి లెక్క రాసిపెడదాం. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దని ఇంట్లో అందరికీ చెప్తాం. రెండేళ్ల గడువు తేదీ గోడ మీద క్యాలెండర్లో రాసి వస్తాం. ఉచిత లాయరు కోసం అర్జీ మేమే తెలుగులో రాసిపెడతాం.

ఇందులో లా డిగ్రీ కావాల్సిన పని ఒక్కటీ లేదు. చదవడం, రాయడం వస్తే చాలు, అవి మనకి వచ్చు. మీ మండలంలో ఈ పనికి ఎవరు ముందుకొస్తారో కింద ఊరి పేరుతో రాయండి. ఉప్పలగుప్తం నుంచి మేము ఐదుగురం ఉన్నాం.

జోహార్.